నేపుల్స్ నుంచి ఒక్కరోజు దీవి ట్రిప్: జంటగా వెళ్తే కాప్రికా, ఇస్కియాకా, ప్రోచిదాకా?

ఏప్రిల్ దాటిందంటే చాలు మా వాట్సాప్‌లో ఇదే ప్రశ్న మొదలవుతుంది. "ఇటలీ వెళ్తున్నాం అక్కా, రోమ్ మూడు రోజులు, నేపుల్స్ రెండు రోజులు, అందులో ఒకరోజు ఖాళీ, మేమిద్దరమే, ఏదైనా ఐలాండ్‌కి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేద్దామనుకుంటున్నాం, కాప్రి బుక్ చేసేయమంటావా?" అని. అడిగేవాళ్ళలో సగం మంది హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు, మిగతా సగం మాలాగా జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది, అందుకే ఇక్కడ ఒకసారి రాసి పడేస్తున్నా. నేనూ మా ఆయనా మూడు దీవులూ చూశాం, ఒకే ట్రిప్‌లో కాదు, మూడు వేరు వేరు ఎండాకాలాల్లో, మూడుసార్లూ పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసే లెక్కలోనే.

నా మాట ముందే చెప్పేస్తా. జులై ఆగస్టుల్లో, చేతిలో ఒక్కరోజే ఉంటే, ప్రోచిదాకి వెళ్ళండి. కాప్రి అందంగా ఉండదని కాదు, మూడింట్లోకీ అందమైనది అదే, ఆ మాట ఎవరూ కాదనలేరు. కానీ ఎండాకాలం కాప్రిలో మీకున్న ఎనిమిది తొమ్మిది గంటల్లో సగం క్యూల్లోనే పోతుంది. తిరుమలలో క్యూలో నిలబడితే చివర దర్శనమన్నా అవుతుంది, ఇక్కడ క్యూ చివర ఇంకో క్యూ ఉంటుంది. ఇక ఇస్కియా ఒక్కరోజులో అయ్యే దీవి కాదు, దాన్ని అలా చూడటం దానికీ మనకీ ఇద్దరికీ అన్యాయం. ఎందుకో ఒక్కోటీ చెప్తా, చదివాక మీకు కాప్రే కావాలనిపిస్తే అదీ తప్పేం కాదు, దానికి తగ్గట్టు ఎలా వెళ్ళాలో కూడా రాశా.

మ్యాప్ తీసి చూడండి. నేపుల్స్ ముందు సముద్రంలో దక్షిణం వైపు విడిగా ఉన్నది కాప్రి, సుమారు 10 చదరపు కిలోమీటర్లు. పడమటి వైపు పక్కపక్కనే ఉన్నవి ప్రోచిదా, ఇస్కియా. ప్రోచిదా 4 చదరపు కిలోమీటర్లు, ఇస్కియా 46. కాప్రి సున్నపురాయి కొండ, మిగతా రెండూ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి. ఇదేదో జాగ్రఫీ పాఠం అని దాటేయకండి, మీ రోజు ఎలా గడుస్తుందనేది సగం దీని మీదే ఉంది. సున్నపురాయిని నీళ్ళు తొలిచేస్తాయి కాబట్టి కాప్రిలో గుహలు, నిట్టనిలువు కొండలు, బీచ్ అంటే కూర్చుంటే గుచ్చుకునే గులకరాళ్ళు. ఇస్కియాలో నేల కింద వేడి ఇంకా అలాగే ఉంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ వేడినీళ్ళ బుగ్గలు. ప్రోచిదాలో ముదురు రంగు ఇసక, మిట్టమధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా అడుగు పెడితే పెనం మీద అట్టు పరిస్థితి ఏంటో తెలిసొస్తుంది.

ఇప్పుడు పడవల సంగతి. దీవి ఏదో తేల్చుకోకముందే ఇది తేల్చుకోవాలి, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. నేపుల్స్‌లో పడవలు ఎక్కే రేవులు రెండు. ఒకటి మోలో బెవెరెల్లో, స్పీడ్ బోట్లు ఇక్కణ్ణుంచి వెళ్తాయి, వాటిని వాళ్ళు అలిస్కాఫో అంటారు. రెండోది కలాతా పోర్తా ది మాస్సా, కార్లూ లారీలూ కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు ఇక్కణ్ణుంచి, వాటి పేరు త్రఘెత్తో. రెండిటి మధ్యా నడిస్తే పావుగంట. (మెర్జెల్లీనా అని మూడోది కూడా ఉంది, అక్కణ్ణుంచి కొన్ని స్పీడ్ బోట్లు మాత్రమే.) మేం మొదటిసారి ఫెర్రీ టికెట్ చేతిలో పెట్టుకుని బెవెరెల్లోలో దర్జాగా కాఫీ తాగుతూ నిలబడ్డాం, టైమ్ పది నిమిషాలు ఉందనగా మా ఆయన టికెట్ తిప్పి చూసి "ఏంటే, ఇందులో ఏదో మాస్సా అని ఉంది, మనం నిలబడింది మాస్సాలోనేనా?" అన్నారు, ఇక చూడండి, జులై ఎండలో భుజాన బ్యాగులు, నా కాళ్ళకి కొత్త చెప్పులు, ఆ రేవు గోడ వెంబడి పరుగో పరుగు. మేం చేరేసరికి పడవ తలుపు పైకి లేస్తోంది. తప్పు మాదే, టికెట్ మీద స్పష్టంగా రాసే ఉంది. మీరు రోమ్ నుంచి రైల్లో వస్తుంటే గంటా పది నిమిషాల ప్రయాణం, దిగిన స్టేషన్ కిందే గారిబాల్ది మెట్రో ఉంటుంది, లైన్ 1 ఎక్కి మునిచిపియోలో దిగితే బెవెరెల్లో ఎదురుగానే.

స్పీడ్ బోట్‌లో కాప్రికి ఇంచుమించు 50 నిమిషాలు, ప్రోచిదాకి 40, ఇస్కియాకి గంట లోపు. ఫెర్రీలో అయితే కాప్రికి గంటా ఇరవై, ప్రోచిదాకి గంట, ఇస్కియాకి గంటన్నర. అంకెలు చూసి అందరూ స్పీడ్ బోటే అంటారు, కానీ అది అసలు పడవలా ఉండదు, ఏసీ వోల్వో బస్సుని తీసుకెళ్ళి నీళ్ళలో వదిలినట్టుంటుంది. అద్దాలు తెరవరు, వాటి మీద ఉప్పు పేరుకుని బయట ఏమీ సరిగ్గా కనపడదు, గాలి కాస్త లేచిందంటే పడవ ఎగిరెగిరి పడుతుంది. మా ఆయనకి పాపికొండల లాంచీలోనే కళ్ళు తిరిగిన చరిత్ర ఉంది, కాప్రి వెళ్ళేటప్పుడు పావుగంటకే మనిషి ముఖం తెల్లబడిపోయింది, నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకుంటూ వచ్చారు. ఫెర్రీలో అయితే పైన డెక్ మీద బెంచీలుంటాయి, గాలి తగులుతుంది, వెనక్కి చూస్తే నేపుల్స్ ఊరూ, దాని వెనక వెసూవియస్ కొండా మెల్లగా చిన్నవైపోతూ కనిపిస్తాయి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోవడానికి అదే బాగుంటుంది, టికెట్ కూడా తక్కువ. మా లెక్క ఏంటంటే పొద్దున వెళ్ళేటప్పుడు స్పీడ్ బోట్, సాయంత్రం వచ్చేటప్పుడు ఫెర్రీ. కడుపులో తిప్పే అలవాటుంటే ఎక్కే ముందు అరగంటకి మాత్ర వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే దండగ. ఇంకోటి, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజు ముందు ఆపేసేది స్పీడ్ బోట్లనే, ఫెర్రీలు అప్పటికీ నడుస్తూ ఉండొచ్చు, అందుకే మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ ఉన్నవాళ్ళు ముందురోజు దీవి ప్లాన్ పెట్టుకోకండి.

సరే, కాప్రి. స్పీడ్ బోట్ టికెట్ ఒక మనిషికి ఒక వైపే 20 యూరోల పైన, అంటే ఇద్దరికి రానూపోనూ దగ్గర దగ్గర వంద పక్కన పెట్టుకోవాలి. దీవిలో దిగినందుకు పన్ను ఉంటుంది, 2024లో ఎండాకాలానికి దాన్ని 2.50 నుంచి 5 యూరోలు చేశారు, అది టికెట్లోనే కలిసిపోతుంది కాబట్టి మనకి తెలీదు. దిగేది మరీనా గ్రాందే అనే రేవులో, ఊరు మాత్రం కొండ మీద. పైకి వెళ్ళడానికి ఫ్యునిక్యులర్ అని పట్టాల మీద తాడుతో లాగే చిన్న రైలు ఉంది, 1907 నుంచి నడుస్తోంది, ప్రయాణం నాలుగైదు నిమిషాలు. మేం దానికోసం నిలబడింది యాభై నిమిషాలు. పది గంటలకి ఒకదాని వెనక ఒకటి నాలుగు పడవలు వచ్చి జనాన్ని దింపేశాయి, నీడ లేదు, నా ముందు ఒక పెద్దావిడ విసనకర్రతో విసురుకుంటుంటే ఆ గాలి నాకూ కొంచెం తగిలేలా పక్కకి జరిగి నిలబడ్డాను, అంత ఎండ.

కాప్రి అంటే అందరూ చెప్పేది బ్లూ గ్రోటో, నీలం గుహ. దాని సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. గుహ నోరు నీళ్ళ మీద ఒక మీటరు ఎత్తు ఉంటుందేమో అంతే, అందుకని పెద్ద పడవ వెళ్ళదు, నలుగురు పట్టే తెడ్డు పడవలోకి మారాలి, లోపలికి దూరేటప్పుడు అందరూ వెల్లకిలా పడుకోవాలి, పడవవాడు గోడకి కట్టిన గొలుసు పట్టుకుని అల కిందికి దిగే క్షణం చూసి ఒక్క లాగు లాగుతాడు. లోపల... నిజం చెప్పాలంటే మాట రాలేదు. వెలుగు నీళ్ళ కింద ఉన్న ఇంకో పెద్ద రంధ్రం లోంచి వస్తుంది, నీళ్ళలోంచి వచ్చేటప్పుడు ఎరుపంతా నీళ్ళే తాగేసి నీలం మాత్రం మిగులుతుంది, దాంతో కింద నుంచి ఎవరో ట్యూబ్‌లైట్ వేసినట్టు నీళ్ళు వెలుగుతుంటాయి, చెయ్యి ముంచితే చెయ్యి వెండి రంగులో కనిపిస్తుంది. ఇదంతా ఐదే ఐదు నిమిషాలు. దానికోసం బయట పడవలో ఊగుతూ గంటన్నర ఆగాం, మా ఆయన పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. టికెట్ 18 యూరోలు, అది గుహకీ తెడ్డు పడవకీ మాత్రమే, రేవు నుంచి గుహ దాకా లాంచీ ఖర్చు వేరే, పాట పాడిన పడవవాడికి టిప్పు వేరే. దీవిలో ఇంకా పైన అనాకాప్రి అని రెండో ఊరుంది, అక్కణ్ణుంచి బస్సులో గుహ దగ్గరికి దిగి వెళ్తే లాంచీ డబ్బులు మిగులుతాయి, ఈ ముక్క రేవులో ఎవరూ చెప్పరు. అల కొంచెం ఎక్కువైనా గుహ మూసేస్తారు, ఆ రోజు తెరిచారా లేదా కనుక్కోకుండా దానికోసమే కాప్రి వెళ్ళడం మాత్రం వద్దు.

నన్నడిగితే కాప్రిలో గుహ కంటే మోంతే సొలారో కొండ మేలు. అనాకాప్రి నుంచి చెయిర్ లిఫ్ట్‌లో పైకి పన్నెండు పదమూడు నిమిషాలు, పైన 589 మీటర్ల ఎత్తు, కింద ఫరాల్యోని అనే మూడు రాళ్ళు సముద్రంలోంచి లేచి నిలబడి ఉంటాయి, వాటి చుట్టూ పడవలు తెల్ల చీమల్లా. కానీ హనీమూన్ జంటలకి ఒక హెచ్చరిక, ఆ చెయిర్ ఒక్కరికే! జంటగా కూర్చోవడం కుదరదు, ముందు ఆవిడ, వెనక ఈయన, అరుచుకుంటూ మాట్లాడుకోవాలి. మా ఆయన ఫోన్ తీసి వెనక నుంచి వీడియో తీశారు, పన్నెండు నిమిషాల వీడియోలో పదకొండున్నర నిమిషాలు నా జడే ఉంది. ఆ ఫరాల్యోనిలో మధ్య రాయికి కింద ఒక తోరణంలా ఉంటుంది, దాని కింద నుంచి పడవ వెళ్ళేటప్పుడు ముద్దు పెట్టుకుంటే మంచిదని ఒక నమ్మకం, పడవవాడు అందర్నీ తొందర పెడతాడు కూడా, పెళ్ళయి తొమ్మిదేళ్ళయిన మేము "సర్లే" అన్నట్టు నవ్వి ఊరుకున్నాం.

చరిత్ర ఇష్టమైతే తూర్పు కొన మీద విల్లా యోవిస్ అనే పాత రాజభవనం శిథిలాలున్నాయి, రోమన్ చక్రవర్తి తిబేరియస్‌ది, ఆయన క్రీ.శ. 27లో రాజధాని వదిలేసి ఈ దీవికి వచ్చి పదేళ్ళు ఇక్కణ్ణుంచే రాజ్యం నడిపాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఆయనే మొదలెట్టాడని మావారి థియరీ. ఊళ్ళోంచి అక్కడికి నడక ముప్పావుగంట పడుతుంది, అంతా ఎత్తే, ఎండలో చాలామంది సగంలో వెనక్కి తిరుగుతారు, అందుకే పైన జనం ఉండరు.

కాప్రే కావాలి అనుకుంటే పొద్దున మొదటి పడవల్లో ఒకటి ఎక్కండి, దిగగానే ఊళ్ళోకి వెళ్ళకుండా నేరుగా అనాకాప్రి పొండి, ముందు చెయిర్ లిఫ్ట్, తర్వాత మిగతావి. పియాత్సెత్తాలో, అంటే ఊరి నడిబొడ్డు చిన్న కూడలిలో, కుర్చీలో కూర్చుంటే కాఫీకి ఇచ్చే డబ్బులతో నేపుల్స్‌లో ఒక పూట భోజనం అయిపోతుంది, కాబట్టి నిలబడి చూసి వచ్చేయండి. అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం ఐదున్నర ఆరు దాటాక, ఆ ఊరే వేరే ఊరు అయిపోతుంది, బోగన్‌విల్లా గోడల మధ్య సందుల్లో మనుషులు కాదు పిల్లులు కనిపిస్తాయి. అది చూడాలంటే ఆలస్యంగా ఉన్న పడవకి తిరుగు టికెట్ తీసుకోవాలి. నేపుల్స్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న సోరెంతో ఊళ్ళో బస చేసేవాళ్ళయితే ఈ లెక్కంతా కొంచెం మారుతుంది, అక్కణ్ణుంచి కాప్రి అరగంట లోపే, పొద్దున్నే జనం రాకముందు చేరిపోవచ్చు.

ఇస్కియా గురించి తక్కువే రాస్తా, ఎందుకంటే నేను చెప్పేది వెళ్ళొద్దని కాదు, ఒక్కరోజుకి వెళ్ళొద్దని. దీవి చుట్టూ రోడ్డు ఉంది, రెండు బస్సులు, ఒకటి కుడి వైపు నుంచి ఒకటి ఎడమ వైపు నుంచి చుట్టూ తిరుగుతుంటాయి, సీడీ, సీఎస్ అని పేర్లు. ఆగస్టులో ఆ బస్సులు చూస్తే మన పుష్కరాల బస్సులు గుర్తొచ్చాయి, రెండు వదిలేసి మూడోది ఎక్కాం, ఎక్కాక కూడా ఒంటికాలి మీదే. ఫోరియో అనే ఊరి దగ్గర పొసెయిదన్ తోట అని ఉంది, సముద్రం ఒడ్డునే 20కి పైగా కొలనులు, ఒక్కోదాంట్లో ఒక్కో వేడి, 28 డిగ్రీల నుంచి 40 దాకా. చలికాలపు జర్మనీ నుంచి వస్తే స్వర్గమే అనిపించేదేమో కానీ బయట 34 డిగ్రీలున్నప్పుడు 40 డిగ్రీల నీళ్ళలో కూర్చోవడానికి మన తెలుగువాళ్ళకి ఏం పట్టింది చెప్పండి, మే నెలలో విజయవాడలో ట్యాంకు నీళ్ళు ఫ్రీగానే అలా వస్తాయి. మరోంతి బీచ్ చివర ఇసకలోంచి ఆవిరి వస్తుంది, అక్కడివాళ్ళు ఆ ఇసకలో గుడ్లు, బంగాళాదుంపలు పాతిపెట్టి ఉడకబెట్టుకుంటారు, అది మాత్రం చూడాల్సిందే.

ఇస్కియాలో నా మనసులో ఉండిపోయింది కోట. కాస్తెల్లో అరగోనేజే, సముద్రంలో విడిగా ఉన్న రాతిగుట్ట మీద కట్టారు, ఊరికీ దానికీ మధ్య ఒక రాతి వంతెన. లోపల ఒకప్పుడు క్లారిస్సా సన్యాసినుల మఠం ఉండేది. దాని నేలమాళిగలో రాతి కుర్చీలు ఉన్నాయి, ఒక్కో కుర్చీకి మధ్యలో గుంట. ఎవరైనా సన్యాసిని చనిపోతే పాతిపెట్టకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళట, శరీరం మెల్లగా కరిగిపోయేది, మిగతావాళ్ళు రోజూ వచ్చి వాటి ఎదురుగా కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు, దేహం ఎంతటిదో కళ్ళారా చూడ్డానికి. బయట అంత ఎండ, లోపల చల్లగా, ఆ ఖాళీ కుర్చీలు. నాకు వెన్నులో చలి పుట్టింది. హనీమూన్‌లో ఉన్నవాళ్ళు పై అంతస్తు తోటలు, ఆలివ్ చెట్లు చూసుకుని వచ్చేయండి, కిందికి దిగకండి.

కోటకే రెండు గంటలు పోయింది, బస్సులకి రెండు గంటలు, ఇంకేముంది రోజులో. ఎపోమేయో కొండ 789 మీటర్లు, దాని వైపు చూడటం తప్ప ఎక్కలేదు. సోర్జేతో అనే చోట సముద్రం లోపలే వేడినీళ్ళు ఊరుతాయి, అక్కడ రాత్రిపూట కూర్చోవాలంటారు, సాయంత్రం పడవకి పరిగెత్తేవాళ్ళకి అదెలా కుదురుతుంది. అందుకే ఇస్కియా అంటే కనీసం రెండు రాత్రులు.

ఇక ప్రోచిదా. పడవ దిగగానే ఎదురుగా లేత పసుపు, గులాబీ, నీలం, పాలిపోయిన ఎరుపు రంగుల ఇళ్ళు వరసగా, కింద వలలు ఆరబెట్టి ఉన్నాయి, ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు, మమ్మల్ని తల ఎత్తి కూడా చూడలేదు. కాప్రిలో దిగితే పదిమంది "బోట్ టూర్, బోట్ టూర్" అని మీద పడతారు, ఇక్కడ ఎవరికీ మన అవసరం లేదు, ఆ ఒక్కదానికే నాకు దీవి నచ్చేసింది. పదివేల మంది ఉండే మామూలు ఊరు ఇది. 2022 సంవత్సరానికి ఇటలీ సాంస్కృతిక రాజధానిగా దీన్ని ఎంచుకున్నారు, ఆ తర్వాత జనం పెరిగారు, అయినా కాప్రితో పోలిక లేదు.

మొత్తం నడిచి చూసేయొచ్చు, నడవలేకపోతే చిన్న బస్సులున్నాయి, ఎలక్ట్రిక్ సైకిళ్ళు అద్దెకిస్తారు. సందులు మాత్రం ఇరుకు, ఫుట్‌పాత్ ఉండదు, స్కూటర్ వస్తే గోడకి అతుక్కుపోవాలి, పాతబస్తీలో తిరిగినవాళ్ళకి ఇది సమస్యే కాదు. మేం వెళ్ళిన వరస చెప్తా, ఎండని బట్టి వేసుకున్న ప్లాన్ ఇది. తొమ్మిదిన్నరకి దిగి ముందు తెర్రా ముర్రాతా ఎక్కాం, దీవిలో ఎత్తైన చోటు, 91 మీటర్లే, పావుగంట ఎక్కుడు, ఎండ ముదరకముందే అయిపోవాలి. అక్కడ దవాలోస్ ప్యాలెస్ ఉంది, ముందు ప్రభువుల భవనంగా కట్టి తర్వాత జైలు చేశారు, 1988 దాకా ఖైదీలున్నారు, లోపల లినెన్ బట్ట నేసేవాళ్ళట. లోపలికి వెళ్ళాలంటే ముందే బుక్ చేసుకోవాలి. దానికి కొంచెం కిందే ఆగి చూస్తే కోర్రిచెల్లా అనే జాలర్ల పేట మొత్తం కనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో మీరు చూసే ప్రోచిదా ఫోటో అదే. ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి, మెట్లు ఇంటి బయట, కమానులు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. చేపలు పట్టి వచ్చేటప్పుడు సముద్రంలోంచే ఎవరిల్లు వాళ్ళు గుర్తుపట్టడానికి అలా రంగులు వేసుకునేవాళ్ళని అక్కడ చెప్తారు.

కోర్రిచెల్లాలోకి బండ్లు రావు, మెట్లు దిగి వెళ్ళడమే. నీళ్ళ అంచునే బల్లలు వేసిన హోటళ్ళుంటాయి, పన్నెండున్నరకే వెళ్ళి నీడలో ఉన్న బల్ల పట్టుకోండి, ఒంటిగంట దాటితే ఎండలో ఉన్నదే దొరుకుతుంది. అక్కడ తిన్న ఒక వస్తువు గురించి మాత్రం నేను ఆపకుండా చెప్తాను, నిమ్మకాయల సలాడ్. అవును, నిమ్మకాయే కూర. ప్రోచిదా నిమ్మకాయలు మన దబ్బకాయలా పెద్దవి, తొక్క కింద తెల్లటి దూది మందంగా ఉంటుంది, అది చేదుండదు. పైన పసుపు చెక్కు తీసేసి, ఆ తెల్ల భాగంతో సహా ముక్కలు కోసి, పుదీనా, వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి ఇస్తారు. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే మా ఆయన "ఇది మీ అమ్మగారి దబ్బకాయ ఊరగాయ ఊరకముందు రోజు" అన్నారు, నిజంగా అంతే, ఆ పులుపూ కారం కలిసి, పరాయి దేశంలో ఎక్కడో పోపు పెట్టని ఊరగాయ తింటున్నట్టు. పక్కన రొట్టె పెట్టుకుని గిన్నె ఊడ్చేశాం, చివరికి నూనె కూడా మిగల్లేదు.

శాకాహారులకి ఒక మాట, మా ఆయన పక్కా వెజ్ కాబట్టి ఇది అనుభవం. మూడు దీవుల్లోనూ ఆకలితో ఉండరు, కాప్రిలో టమాటా, మొజరెల్లా జున్నుతో చేసే కాప్రేసే సలాడ్, జున్ను పెట్టిన రవియోలీ, ఎక్కడైనా నిమ్మకాయ స్పగెట్టీ, టమాటా వెల్లుల్లి మాత్రమే వేసే మరీనారా పిజ్జా. అందులో సముద్రం పేరుంది కదా అని చేప ఉంటుందనుకోకండి, ఉండదు, జున్ను కూడా ఉండదు. పార్మెజాన్ జున్ను మాత్రం దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు, ఆ పట్టింపు ఉన్నవాళ్ళు "సెంత్సా ఫొర్మాజ్జో" అనండి, అంటే జున్ను లేకుండా. బిల్లులో కోపెర్తో అని ఒక మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు. ఇస్కియాలో గొప్ప వంట కుందేలు కూర, మట్టి పాత్రలో టమాటాలతో మెల్లగా వండుతారు, నేను తిన్నా, ఆయన కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నారు.

భోజనం అయ్యాక ప్రోచిదాలో మూడు గంటల దాకా ఊరు ఊరంతా నిద్రపోతుంది, షాపులు మూసేస్తారు, ఆ టైమ్‌లో సందుల్లో తిరిగితే మనకి వడదెబ్బే, బస్సెక్కి కియాయొలెల్లా బీచ్‌కి పొండి. కుర్చీలూ గొడుగూ అద్దెకిచ్చే చోటుకి లీదో అంటారు, ఇద్దరికీ కలిపి మాకు 30 యూరోలయింది, డబ్బులివ్వడం ఇష్టం లేకపోతే ఫ్రీ బీచ్ కూడా ఉంటుంది, అక్కడ నీడ మాత్రం మీరే తెచ్చుకోవాలి. నీళ్ళు మోకాలి లోతులో చాలా దూరం వెళ్తాయి, ఈత రానివాళ్ళకి మూడు దీవుల్లో ఇదే హాయి. నేను చుడీదార్‌తోనే దిగాను, ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత ఆ తడి బట్టల్తో బస్సెక్కడం గురించి ఆలోచించలేదు అంతే, ఇంకో జత పెట్టుకోండి. పక్కనే వివారా అనే చిన్న దీవి, వంతెనతో కలిపి ఉంటుంది.

అయితే ప్రోచిదాకీ తిప్పలున్నాయి. ఆదివారం వెళ్తే నేపుల్స్ వాళ్ళంతా అక్కడే ఉంటారు, బీచ్‌లో తువ్వాలు పరచడానికి చోటుండదు. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు, ఫెర్రగోస్తో, ఆ వారం ఏ దీవికీ వద్దు. చూడ్డానికి పెద్ద పెద్దవేమీ లేవు కాబట్టి "ఏముంది ఇందులో" అనుకునే మనుషులుంటారు, చెక్‌లిస్ట్ పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ తిరిగే మనిషి పక్కనుంటే ప్రోచిదా రెండు గంటల్లో అయిపోతుంది, అలాంటివాళ్ళని కాప్రికే తీసుకెళ్ళండి, వాళ్ళకి నిజంగా అదే నచ్చుతుంది. మళ్ళీ ఈ వైపు వస్తామో రామో అనుకుని హైదరాబాద్ నుంచి అంత ఖర్చు పెట్టుకుని వచ్చేవాళ్ళు, ఇంటికెళ్ళాక "కాప్రి చూడలేదా" అని నలుగురు అంటే మనసు చివుక్కుమనే రకమైతే, మీరూ కాప్రికే పొండి, మే చివరో సెప్టెంబరో అయితే ఇంకా మంచిది. అమ్మానాన్నలని కూడా తీసుకెళ్తుంటే, మోకాళ్ళ నొప్పులుంటే, ఇస్కియాలో రెండు రాత్రులు వేసి వేడినీళ్ళలో కూర్చోబెట్టండి, మూడింట్లో వాళ్ళకి పనికొచ్చేది అదే. మిగతా జంటలందరికీ, ముఖ్యంగా ఇద్దరూ ఆఫీసులతో అలిసిపోయి ఒక పూట ప్రశాంతంగా కూర్చుంటే చాలనుకునేవాళ్ళకి, ప్రోచిదా.

పెద్ద సూట్‌కేసులు మాత్రం పడవలోకి లాక్కెళ్ళకండి, దానికి వేరే టికెట్ అడుగుతారు, నేపుల్స్ సెంట్రల్ స్టేషన్లో సామాన్ల గది ఉంది, అక్కడ పెట్టేయండి. తిరుగు పడవ టైమ్ దిగగానే రేవులో బోర్డు మీద ఫోటో తీసుకోండి, చివరి పడవకి కాకుండా దాని ముందుదానికి ప్లాన్ చేసుకోండి, అది తప్పితే ఇంకోటి ఉంటుంది. మేం ప్రోచిదా నుంచి అలా ఏడింటి ఫెర్రీ ఎక్కాం, డెక్ మీద మా పక్కన ఒక స్థానిక కుటుంబం, వాళ్ళ పిల్లాడు చేతిలో లింగ్వా, అంటే నాలుక ఆకారంలో ఉండే నిమ్మకాయ క్రీమ్ పఫ్, మా ఆయన దాన్నే చూస్తుంటే వాడి అమ్మమ్మ సంచిలోంచి ఇంకోటి తీసి ఇచ్చింది, ఈయన మొహమాటానికి రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నారు. రేవు దగ్గర బేకరీల్లో ఉంటాయి, ఎక్కే ముందే నాలుగు కొనుక్కోండి, నాకు ఒక్క ముక్కే దొరికింది.